నాలుగు కెమెరాలు పెట్టేటప్పుడే పదహారుకి దారి వేసుకోండి

అమలాపురంలో పదకొండేళ్లుగా కెమెరాలు, డోర్ లాకులు బిగిస్తున్నాను. ఎవరు పిలిచినా మొదటి మాట ఒకటే: "ప్రస్తుతానికి నాలుగు పెట్టండి, తర్వాత చూద్దాం." అందులో తప్పు లేదు. కానీ ఆ "తర్వాత" రెండేళ్లలో వచ్చేస్తుంది. అప్పుడు గోడలు పగలకొట్టే పని పడకూడదు.

ఇల్లు కట్టేటప్పుడే ప్రతి అంతస్తుకీ విడిగా ఒక అంగుళం పైపు వేయించి, తర్వాత కేబుల్ లాగడానికి అందులో నైలాన్ తాడు వదిలేయండి. కరెంటు వైర్లున్న పైపులో కెమెరా కేబుల్ దూర్చనివ్వకండి. కేబుల్ క్యాట్ సిక్స్ (నెట్‌వర్క్ కేబుల్ రకం), అదీ పూర్తి రాగిది కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకే కానీ మన తేమకి చివర్లు త్వరగా పాడవుతాయి. కెమెరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెని నెట్‌వర్క్ స్విచ్ అంటాం; ఆ స్విచ్ నుంచి కెమెరాకి 100 మీటర్లు దాటకూడదు. నాలుగు కెమెరాలకైనా పదహారు పోర్టుల పీఓఈ (కేబుల్‌లోనే కరెంటు పంపే) స్విచ్ తీసుకోండి. కెమెరాకి కరెంటు, డేటా రెండూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి కాబట్టి, రేపు కొత్త కెమెరా అంటే ఒక్క కేబుల్ లాగితే సరిపోతుంది.

గేటు దగ్గర గది, అవతల గోడౌన్ లాంటి విడి కట్టడాలకి మాత్రం రాగి వద్దు, ఫైబర్ (వెలుగుతో డేటా పంపే గాజు తీగ) వేయండి. ఒక కొబ్బరి గోడౌన్‌లో పిడుగు పడి, బయటి నుంచి వచ్చిన రాగి కేబుల్ వెంట స్విచ్, రికార్డర్, ఆరు కెమెరాలు ఒక్క రాత్రిలో పోయాయి. ఫైబర్‌లో కరెంటు పారదు. ఎర్తింగ్ కూడా సరిచూడండి.

రికార్డర్ ఎక్కడ పెట్టాలన్నదే మన దగ్గర అసలు ప్రశ్న. చాలామంది వాచ్‌మన్ గదిలో పెట్టించుకుంటారు. 2022 జులైలో గోదావరి ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక స్థాయి 17.75 అడుగులు దాటి పొంగినప్పుడు, లంకల పక్కన ఒక ఫంక్షన్ హాల్లో నేను పెట్టిన రికార్డర్ అలాగే మునిగింది. పైనున్న కెమెరాలన్నీ బాగానే ఉన్నాయి, నెల రోజుల రికార్డింగ్ మాత్రం పోయింది. యజమాని ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి మొదటి అంతస్తుకి కింద రికార్డర్, స్విచ్, యూపీఎస్ ఏవీ పెట్టడం లేదు.

డిస్క్ లెక్క ఇలా వేసుకోండి. వీడియో సెకనుకి 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) చొప్పున వస్తే ఒక కెమెరాకి రోజుకి దాదాపు 22 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలకి 30 రోజులంటే 5.2 టీబీ, అంటే 6 టీబీ డిస్క్. రెండు డిస్కులు పట్టే రికార్డరే కొనండి, రెండోది తర్వాత వేసుకోవచ్చు. జనం గుమిగూడే చోట్ల ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం, 2013 ప్రకారం 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి కాబట్టి హాళ్లవాళ్లు ఇంతకంటే తగ్గకండి.

రాత్రి కెమెరా దగ్గర పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు గూడు కడుతుంది. చీకట్లో చూడడానికి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని) వెలుగు ఆ గూడు మీద పడి, పొద్దున రికార్డింగ్ చూస్తే తెర మొత్తం తెల్లగా ఉంటుంది. పదిహేను రోజులకోసారి పొడి గుడ్డతో తుడిపించండి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుప బ్రాకెట్లు తుప్పు పట్టేస్తాయి, స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

ఇక తలుపులు. వేలిముద్ర యంత్రం అందరికీ పనికిరాదు. భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో, రోజంతా నీళ్లలో ఒలిచే ఆడవాళ్ల వేళ్లు నాని ముడతలు పడి, యంత్రం గుర్తుపట్టక గేటు దగ్గర వరస కట్టేవారు. యంత్రానికి చూపితే గేటు తెరిచే కార్డులు ఇచ్చాక ఆ బాధ తీరింది. 125 కిలోహెర్ట్జ్ కార్డుకి నకలు తేలిగ్గా తీస్తారు, 13.56 మెగాహెర్ట్జ్‌లో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చడం) ఉన్న రకం అడగండి. ప్రతి ఒక్కరికీ విడి నంబరు ఇవ్వండి, కార్డు పోతే ఆ ఒక్కటే రద్దు చేస్తారు. జనం బయటికి వెళ్లే తలుపుకి కరెంటు పోతే దానంతట అదే తెరుచుకునే అయస్కాంత లాకే పెట్టాలి. అగ్నిప్రమాదంలో తలుపు మనిషిని ఆపకూడదు.

పని అప్పజెప్పే రోజు మీరే మెయిన్ ఆపి చూడండి. యూపీఎస్ ఎన్ని నిమిషాలు లాగింది? లోపలి బటన్ నొక్కితే లాక్ వదిలిందా? తర్వాత నిన్న సాయంత్రం ఆరు గంటల రికార్డింగ్ మీ చేతులతోనే తీసి చూడండి. పాస్‌వర్డ్ కూడా మా ముందే మీరు మార్చుకోండి.