ఊరి పఠన మందిరానికి లక్షన్నర గ్రాంటు: కాగితాల నుంచి లెక్క అప్పజెప్పేదాకా

ఊళ్లో ఖాళీగా పడి ఉన్న పంచాయతీ గదిని పిల్లలు కూర్చుని చదువుకునే చోటుగా మార్చడానికి లక్షా యాభై వేలు చాలు. ఈ మాత్రం డబ్బు ఇచ్చేవాళ్లు ఉన్నారు. దగ్గర్లోని కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సిన) నిధి, విదేశాల్లో స్థిరపడ్డ ఊరివాళ్లు, పట్నంలోని దాతల ట్రస్టులు, కోల్‌కతా కేంద్రంగా గ్రంథాలయాలకు సాయం చేసే రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్. అర్జీలు తిరిగొచ్చేది ఆలోచన బాగాలేక కాదు. కాగితాల్లో పేర్లు కలవక, గ్రాంటు అయిపోయాక ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పలేక. అందుకే అర్జీ రాయడం అన్నిటికంటే చివరి పని.

సంఘం కాగితాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవాలి. కనీసం 7 మంది సభ్యులు, ఆశయాల పత్రం, నియమావళి ఉండాలి. ఆశయాల్లో "గ్రంథాలయం, పఠన మందిరం నడపడం" అన్న మాట తప్పక రాయించండి. ఆటల పోటీలు, పండగ ఉత్సవాలు మాత్రమే రాసి ఉన్న యువజన సంఘం పుస్తకాలకు డబ్బడిగితే, ఇచ్చేవాళ్లు మొదట పట్టుకునేది అదే.

తర్వాత వరస ఇది: సంఘం పేరున పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఎ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను రాయితీ) అని అందరూ పిలిచే నమోదులు, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ అయిన ఎన్‌జీఓ దర్పణ్ ఐడీ, చివరగా కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 (సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి సంఘం చేసుకునే నమోదు). సర్టిఫికెట్‌లో "శ్రీ" ఉండి పాన్‌లో లేకపోయినా, ఊరి పేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉన్నా అక్కడే చిక్కు పడుతుంది. మొదటి కాగితంలో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా మిగతా అన్నిటిలో దింపండి. పన్ను శాఖ మొదట ఇచ్చే తాత్కాలిక నమోదు 3 ఏళ్లకే. ఆ తేదీని గోడ మీద రాసి పెట్టుకుని, గడువుకు కనీసం 6 నెలల ముందు, లేదా పని మొదలుపెట్టిన 6 నెలల్లోపు, ఏది ముందైతే అప్పటికి పక్కా నమోదుకు దరఖాస్తు పెట్టాలి.

ఖాతాకు ముగ్గురు సంతకందారులను పెట్టి, వారిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా తీర్మానం చేయండి. ఇద్దరే ఉంటే, ఒకరు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిన రోజు నుంచి చెక్కు కదలదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణమైపోతుంది, మళ్లీ కేవైసీ ఇవ్వాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, 15 రోజుల్లోపు కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపడం చాలా సంఘాలు మరచిపోయే పని. దాతలు అడిగేది తాజా జాబితానే.

నమోదు లేని కుర్రాళ్ల బృందమైతే ఈ తంతంతా పడకుండా గ్రామైక్య సంఘం తరఫునో, పేరున్న మరో సొసైటీ తరఫునో అర్జీ పెట్టొచ్చు. అయితే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, బిల్లులు ఎవరి పేరున తీసుకోవాలి, సామాను ఎవరిది అన్న మూడూ ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

గది

సర్పంచ్ నోటి మాట మీద రాక్‌లు కొనకండి. ఎన్నికల తర్వాత తాళం చేతులు మారుతుంది. గదిని కనీసం 5 ఏళ్లు పఠన మందిరానికే వాడుకోవచ్చని, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కూడా రాసి, పంచాయతీ చేత తీర్మానం చేయించి, నంబరు, తేదీ ఉన్న నకలు తీసుకోండి. అర్జీకి జతచేసే కాగితాల్లో దీనికంటే బలమైనది లేదు.

బడ్జెట్

లక్షన్నరకు ఒక నమూనా. ధరలు మీ ఊరి కొటేషన్ల ప్రకారం మార్చుకోండి.

ఇనుప రాక్‌లు 5, ఒక్కోటి 7,500: 37,500
పుస్తకాలు 300, సగటున 120: 36,000
బల్లలు 3, ఒక్కోటి 5,000: 15,000
కుర్చీలు 20, ఒక్కోటి 650: 13,000
సున్నం, వైరింగ్, 2 ఫ్యాన్లు, లైట్లు: 18,000
నిర్వాహకురాలికి నెలకు 2,000 చొప్పున 12 నెలలు: 24,000
రిజిస్టర్లు, అట్టలు, లేబుళ్లు: 3,000
ఆడిట్ ఫీజు: 3,500
మొత్తం: 1,50,000

ఇక్కడ ఎక్కువ మంది దెబ్బతినేది జీఎస్టీ దగ్గర. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. ఇనుప సామానుకు 18 శాతం ఉంది. రాక్‌లు 37,500 అని దుకాణదారు చెప్పిన మాటనే రాసుకుని, తీరా బిల్లులో పన్ను అదనమైతే ఇంకో 6,750 వెతుక్కోవాలి. కొటేషన్ మీద "పన్నులు, రవాణా కలిపి" అని రాయించండి. పెద్ద వస్తువులకు మూడు దుకాణాల కొటేషన్లు తీసుకోండి, మూడూ ఒకే చేతిరాతలో ఉంటే ఎవరూ నమ్మరు.

పుస్తకాలు మొత్తం ఒకేసారి కొనొద్దు. మొదట 200 కొని, మూడు నెలలు ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు చూసి, పిల్లలు దేన్ని మళ్లీ మళ్లీ అడుగుతున్నారో తెలిశాక మిగతా 100 కొనండి. విజయవాడలో జనవరిలో, హైదరాబాద్‌లో ఎక్కువగా డిసెంబరులో జరిగే పుస్తక ప్రదర్శనల్లో ప్రచురణకర్తల దగ్గర నేరుగా తగ్గింపు అడగొచ్చు. బిల్లు మాత్రం సంఘం పేరునే ఉండాలి, కొన్న మనిషి పేరున కాదు.

అసలు ప్రశ్న ఆ 24,000ది. పదమూడో నెల నుంచి అది ఎక్కడినుంచి వస్తుంది? 100 కుటుంబాలు నెలకు 20 రూపాయలు ఇస్తే సరిగ్గా సరిపోతుంది. ఇస్తామని సంతకాలు పెట్టిన జాబితా అర్జీతో పాటు పంపండి. జీతం పేరు ఎత్తితే గ్రాంటు రాదని భయపడి దాన్ని దాచేవాళ్లున్నారు. అది పొరపాటు. తాళం తీసే మనిషి లేని గదిలో పుస్తకాలు చెదల పాలవుతాయి. ఊరివాళ్ల శ్రమను, గదిని "స్థానిక వాటా" అని వేరుగా చూపండి. నగదు మొత్తంలో కలపకండి.

ఎవరిని అడగాలి

నికర ఆస్తి 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు చేయాలి. బయటి సంఘం చేత పని చేయించాలంటే మాత్రం ఆ సంఘానికి 12ఎ, 80జి, సీఎస్ఆర్-1 ఉండి, మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. కొత్త సంఘానికి ఇది సాధ్యపడదు. అలాంటప్పుడు డబ్బు అడగకండి. కంపెనీనే నేరుగా రాక్‌లు, బల్లలు కొని అమర్చమని అడగండి. వాళ్లే ఖర్చు చేసే పనికి మీ సీఎస్ఆర్-1 అవసరం పడదు.

విదేశీ డబ్బు దగ్గర చాలా జాగ్రత్త. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఊరి మనిషి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు దాచుకోండి. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి, న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా కావాలి. నమోదుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. నమోదున్న పెద్ద సంస్థ తీసుకుని మీకు బదలాయించడాన్ని 2020 సవరణ నిషేధించింది. తెలిసీ తెలియక మామూలు ఖాతాలో వేయించుకుంటే సంఘం మెడకే చుట్టుకుంటుంది.

అర్జీ

రెండు పేజీలు దాటొద్దు. "గ్రామీణ విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికై" అన్న వాక్యం ఏ ఊరికైనా సరిపోతుంది, కాబట్టి ఏ ఊరికీ ఉపయోగపడదు. దాని బదులు ఇలా రాయండి: "మా ఊరి ప్రాథమిక, ఉన్నత పాఠశాలల్లో ఇంతమంది పిల్లలు. దగ్గరి శాఖా గ్రంథాలయం ఇన్ని కిలోమీటర్లు. గది రోజూ సాయంత్రం 4:30 నుంచి 7:30 దాకా తెరుస్తాం. ఏడాది చివర నెలకు ఇన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాలన్నది లక్ష్యం." లెక్కించగలిగే సంఖ్య ఒక్కటి చాలు.

డబ్బు వచ్చాక

వచ్చిన రోజే వేరే లెడ్జర్ తెరవండి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇవ్వొద్దు, గౌరవ వేతనం కూడా ఖాతాలోకే. గది ఫొటోలు పని మొదలుకాక ముందు నాలుగు మూలల నుంచి తీయండి, తర్వాత అదే మూలల నుంచి. ప్రతి రాక్ మీద, కుర్చీ మీద పెయింటుతో నంబరు వేసి ఆస్తుల రిజిస్టరులో ఎక్కించండి. ఫ్యాన్ల డబ్బు మిగిలిందని పుస్తకాలకు మళ్లించాలనుకుంటే ముందు దాతకు ఉత్తరం రాసి, జవాబు వచ్చాకే ఖర్చు పెట్టండి. చివర వినియోగ ధ్రువపత్రం సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) సంతకంతో ఇవ్వాలి. ప్రభుత్వ నిధి అయితే కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో. మిగిలిన డబ్బు 340 రూపాయలైనా ఆ పత్రంలో చూపి, వెనక్కి పంపాలా, ఉంచుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి.