కాలువలు కట్టేశాక కెన్యా వెళ్లే మన సంఘం వాళ్లకు జాగ్రత్తలు

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి ఏప్రిల్‌లో కాలువలకు నీళ్లు కట్టేస్తే, మళ్లీ జూన్‌లో వదిలేదాకా మన గోదావరి డెల్టాలో కాస్త తీరిక. చేలో పనుండదు, టీచర్లకూ పిల్లలకూ సెలవులు. మన చర్చి సంఘం తరఫున బయటి దేశానికి సేవకు వెళ్దామంటే అందరికీ కుదిరేది ఆ మే నెలే. ఈసారి మా వాళ్లు పదకొండు మంది కెన్యాలో కిసుము దగ్గరి పల్లెలకు బయల్దేరుతున్నారు. అక్కడేమో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. మన తీరిక నెల వాళ్లకు వరద నెల, ఆ వెనకే మలేరియా. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, రెండుసార్లు అక్కడికి వెళ్లొచ్చినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. వెళ్లేవాళ్లే కాదు, ఇంట్లోంచి పంపేవాళ్లు కూడా చదవండి.

ముందు కాగితాల సంగతి. మనలో చాలామందికి రెండు పేర్లు. సంఘంలో అందరూ యోహాను గారనే పిలుస్తారు, పాస్‌పోర్టులో సత్యనారాయణ అని ఉంటుంది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి సంఘం పంపిన ఆహ్వాన పత్రంలో ఒకాయన పేరు బాప్తిస్మం పేరుతో పడింది. నైరోబీ ఎయిర్‌పోర్టులో రెండు గంటలు పక్కన నిలబెట్టేశారు. పెద్దాయన, బీపీ మనిషి, చేతిలో బైబిలు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాకెవరికీ కాళ్లాడలేదు. టికెట్, ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్స్, టీకా కార్డు, అన్నింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా అదే స్పెల్లింగ్‌లో ఉండాలి.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా తీసేసి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ఈటీఏ అనే అనుమతి పెట్టారు. అది చేతిలో ఉంటే చాలనుకోకండి. మీరు క్లాసులు చెప్పినా, శిబిరం పెట్టినా జీతం లేకపోయినా అది పని కిందికి రావచ్చు, వేరే పాస్ అడగొచ్చు. మనల్ని పిలిచిన సంఘం చేత అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లను రాతపూర్వకంగా అడిగించండి. డాక్టర్లు, నర్సులకైతే అక్కడి కౌన్సిల్ తాత్కాలిక లైసెన్సు ఇస్తేనే చెయ్యి వెయ్యాలి. నా రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లదు కాబట్టి నేను ఒక్క ఇంజెక్షన్ కూడా చెయ్యలేదు. వాళ్ల నర్సమ్మ పక్కన కూర్చుని పేర్లు రాశాను.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో అందరూ ఒకచోటే పొరబడతారు. ఇండియా నుంచి నేరుగా వెళ్తే కెన్యా వాళ్లు ఆ కార్డు అడగకపోవచ్చు. అడిగేది మనవాళ్లు, తిరిగొచ్చేటప్పుడు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. 2016 నుంచి నియమం మారింది, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఇది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు విశాఖలో పోర్టు హెల్త్ వాళ్ల దగ్గర, ముందే తేదీ తీసుకుని వెళ్లాలి. గుడ్డు పడనివాళ్లు, 60 దాటినవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇక దోమలు. "దోమలు మనకు కొత్తా అక్కా" అని మా వాళ్లు నవ్వేస్తారు. కొత్తే. పుట్టినప్పటి నుంచి కుట్టించుకున్నంత మాత్రాన అక్కడి ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాను మన ఒంట్లో రక్తం ఆపలేదు. అది మెదడుకు ఎక్కితే మనిషి దక్కడం కష్టం. రాకుండా ముందుగానే మాత్రలు వేసుకోవాలి. ఏ మాత్ర అన్నది మీ డాక్టరు మీ ఒంటిని బట్టి చెప్పాలి. డాక్సీసైక్లిన్ అయితే వెళ్లే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ రోజూ, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు వెయ్యాలి. అన్నం తిన్నాక, గ్లాసుడు నీళ్లతో. ఇంటికొచ్చాం కదా అని స్ట్రిప్పు పక్కన పడేసేవాళ్లే ఎక్కువ, నాకు టెన్షన్ కూడా అక్కడే. మలేరియా దోమ పొద్దు వాలినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది, మన ప్రార్థన కూడికలు కూడా సరిగ్గా అప్పుడే. చీర కట్టుకున్నవాళ్లకు నడుము, వీపు, పాదాలు బయటే ఉంటాయి. సాయంత్రం కూడికకు పొడుగు చేతుల చుడీదారు, సాక్సులు వేసుకోండి, ఎవరూ తప్పు పట్టరు. మందు పట్టించిన దోమతెర మనిషికొకటి ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. మనల్ని ఉంచుకున్న ఇంట్లో ఒక్క తెర ఉంటే దాన్ని మనకిచ్చేసి వాళ్ల పసిపిల్లల్ని తెర లేకుండా పడుకోబెడతారు. నా కళ్లతో చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కిసుము ఒడ్డునున్న విక్టోరియా సరస్సు చూడగానే మనవాళ్ల కాళ్లు ఆగవు. రేవులో ఈత నేర్చుకున్నవాళ్లం, పంటకాలువలో గేదెలతో పాటు మునిగినవాళ్లం. కానీ ఆ నీళ్లలో కాలు పెట్టొద్దు. ఒడ్డు నీళ్లలో ఉండే నత్తల్లోంచి కంటికి కనపడని పురుగు పిల్లలు బయటికొచ్చి, తిన్నగా చర్మంలోంచి లోపలికి దూరతాయి. దాన్ని బిల్హార్జియా అంటారు. నీళ్లు తాగక్కర్లేదు, మోకాటి లోతున కాసేపు నిలబడితే చాలు. బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు నడుము లోతున గంటసేపు నిలబడతారు కాబట్టి అందరికంటే ముందు ప్రమాదం ఆయనకే. రెండోసారి మేం వెళ్లినప్పుడు చివరి ఆదివారం బాప్తిస్మాలు సరస్సు దగ్గరే అనుకున్నారు. మా అయ్యగారు అక్కడి పాస్టర్‌ని పక్కకు పిలిచి మర్యాదగా అడిగారు. ఆయనేమీ నొచ్చుకోలేదు, "మా పిల్లలకూ మంచిదే" అన్నారు. స్కూల్లో ఉన్న సిమెంటు తొట్టిని తోమి, శుక్రవారమే బోరు నీళ్లు నింపి మూత పెట్టారు. నత్త లేని తొట్టిలో రెండు రోజులు నిలవున్న నీళ్లలో ఆ పురుగు బతకదు. ఆదివారం పొద్దున తొమ్మిది మంది ఆ తొట్టిలోనే బాప్తిస్మం తీసుకున్నారు. స్త్రీలు గట్టు మీద పాడుతుంటే మన రేవులో పాడినట్టే ఉంది.

వరద గురించి కూడా మనకు ధీమా ఎక్కువ. 1986 వరద చూసినవాళ్లం, 1996 తుపాను చూసినవాళ్లం. అయితే మనకు భద్రాచలంలో నీరు పెరిగితే ధవళేశ్వరం చేరేలోపు కాస్త వ్యవధి, ప్రమాద హెచ్చరికలు, ఏటిగట్లు ఉన్నాయి. కిసుము పక్కన న్యాండో నది కొండల మీంచి దిగి గంటల్లోనే పల్లపు పొలాలను ముంచేస్తుంది. 2024లో ఆ పెద్ద వానలకే కెన్యా మొత్తం మీద 200 మందికి పైగా చనిపోయారు. రోడ్డు మీద పారే నీరు మోకాలు దాకా ఉందంటే బండి వెనక్కి తిప్పించండి, కూడిక రేపు పెట్టుకోవచ్చు. చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం వద్దు. బోడాబోడా అని బైకు టాక్సీలుంటాయి, హెల్మెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు.

సామాన్ల దగ్గర ఒక మాట. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, జరిమానాలు మామూలువి కావు. ఆవకాయ, కంది పొడి కవర్లలో కట్టుకుని బయల్దేరే అలవాటు మానండి. స్టీలు డబ్బాల్లో పెట్టి గుడ్డ సంచిలో సర్దండి. దగ్గర్లోని అహీరోలో వరి పండిస్తారు. అది విన్నప్పటి నుంచి మా రైతన్న ఒకాయన మార్టేరు విత్తనం రెండు కిలోలు తీసుకెళ్తానంటున్నాడు. మనసు మంచిదే, కానీ అనుమతి కాగితం లేకుండా గింజ కూడా దాటకూడదు. విత్తనంతో పాటు మన తెగులూ పోతుంది. షుగరు, బీపీ మాత్రలు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, ఇన్సులిన్ టైము డాక్టరునడిగి ముందే రాసుకోండి. తిండికి ఇబ్బంది ఉండదు. ఉగాలి అని మొక్కజొన్న ముద్ద, ఒమేనా అని మన నెత్తళ్ల లాంటి ఎండు చేపల కూర. వేడిగా ఉన్నంతవరకు భయం లేదు.

ప్రార్థన దగ్గర చాలా జాగ్రత్త. కెన్యాలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కిసుము వైపు ఒకటి. రోజూ మాత్ర వేసుకుంటూ ఆరోగ్యంగా బతుకుతున్నవాళ్లు మన ముందు మోకరించి తల మీద చేతులుంచమంటారు. ప్రార్థన చెయ్యండి, చేశాక "మాత్రలు మానొద్దమ్మా" అని అక్కడి సంఘం పెద్ద చేత వాళ్ల భాషలో చెప్పించండి. 2023లో ఆ దేశంలోనే షకహోలా అడవిలో ఒక బోధకుడి మాట విని తిండి మానేసి 400 మందికి పైగా చనిపోయారు. బయటినుంచి వచ్చినవాడి నోట స్వస్థత, ఉపవాసం అన్న మాటలు వింటే ఆ ఊళ్లో జనం ఉలిక్కిపడతారు. వాళ్ల భయం న్యాయమైనదే.

పిల్లల ఫోటోల గురించి నేను ఊరుకోలేను. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా హాస్టలుకు ఒక విదేశీ బృందం వచ్చింది. అన్నం కంచం చేతికిచ్చి, నూనె రాసిన తలతో వరండాలో నిలబెట్టి ఫోటో తీశారు. మంచివాళ్లే, చాక్లెట్లు కూడా ఇచ్చారు. నా మొహం ఎవరి ఇంటి గోడకు చేరిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ కంచం మాత్రం ఫోటో అయ్యాక వెనక్కి తీసుకున్నారు, ఎందుకంటే అప్పటికింకా అన్నం వేళ కాలేదు. అందుకని, తల్లిదండ్రులను అడక్కుండా ఏ బిడ్డ ఫోటో తియ్యొద్దు. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఒంటరిగా ఏ బిడ్డతోనూ గదిలో ఉండొద్దు, మీరెంత మంచివారైనా సరే. అక్కడో అనాథాశ్రమం కడదామని కొందరు చందాలు మొదలుపెట్టారు. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది, పిల్లలు బంధువుల ఇళ్లలోనే పెరగాలని చూస్తోంది. డబ్బుంటే ఆ పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మకు ఎలా చేరుతుందో అక్కడి సంఘాన్ని అడగండి.

మిషనరీలు బౌడెన్, బీర్ గార్లు మన నర్సాపురం వైపు వచ్చింది 1836లో. కెన్యాకు మిషనరీగా క్రాఫ్ గారు వచ్చి మొంబాసాలో దిగింది 1844లో. ఆ లెక్కన విశ్వాసంలో కెన్యా వాళ్లకీ మనకీ ఎనిమిదేళ్లే తేడా. మనం వెళ్తున్నది తెలియనివాళ్లకు చెప్పడానికి కాదు, సాటి సంఘానికి చేతనైనంత చెయ్యడానికి. అక్కడి పెద్దలు ఇచ్చిన పని చెయ్యండి. పెయింటు వెయ్యమంటే పెయింటు వెయ్యండి, బల్లలు మొయ్యమంటే మొయ్యండి. బృందం నాయకులు ఎవరి పాస్‌పోర్టూ తమ దగ్గర పెట్టుకోవద్దు, ఫోటోకాపీ చాలు.

తిరిగొచ్చాక మూడో వారంలో మా బృందంలో ఒకమ్మాయికి చలిజ్వరం వచ్చింది. ఊళ్లో క్లినిక్‌లో టైఫాయిడ్ అన్నారు, నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. కెన్యా వెళ్లొచ్చినట్టు ఆ పిల్ల చెప్పలేదు, వాళ్లు అడగలేదు. సంగతి తెలిసి నేను రక్తపరీక్ష చేయిస్తే మలేరియా. దక్కింది, దేవుడి దయ. వచ్చాక మూడు నెలల్లో, ఆ తర్వాతైనా సరే, ఏ జ్వరం వచ్చినా డాక్టరు గారికి మొదటి మాటగా "కెన్యా వెళ్లొచ్చాను, మలేరియా పరీక్ష రాయండి" అని చెప్పండి. సరస్సు నీళ్లు తగిలినవాళ్లు రెండు నెలలు నిండాక బిల్హార్జియా పేరు కాగితం మీద రాసుకెళ్లి పరీక్ష అడగండి. మన డాక్టర్లు మామూలుగా చూసే జబ్బు కాదు, దానంతటదే గుర్తుకు రాదు. వెళ్లి వచ్చిన తేదీలు ఒక చీటీ మీద రాసి పర్సులో, ఇంకోటి ఇంట్లో దేవుని వాక్యం క్యాలెండరు వెనక పెట్టండి.