80 ఏళ్ళు మట్టిలో ఉన్న హెల్మెట్‌ని పాడుచెయ్యకుండా బాగుచేసుకోవడం ఎలా

మణిపూర్‌లోని ఇంఫాల్ చుట్టుపక్కల కొండల్లో ఇప్పటికీ పొలం తవ్వినా, పునాది తీసినా రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో జపాన్ వాళ్ళకీ బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకీ జరిగిన పోరాటం నాటి సామాను బయటపడుతూనే ఉంటుంది. జపాన్ వాళ్ళ హెల్మెట్లు, అల్యూమినియం అన్నం డబ్బాలు, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ వాళ్ళ బకిల్స్, వాటర్ బాటిళ్ళు. నేను అక్కడ ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో తెలిసినవాళ్ళు వాళ్ళ పొలాల్లో దొరికినవి కొన్ని నాకిచ్చారు, వాటి మీద చేసి నేర్చుకున్నదే ఇది.

అన్నిటికన్నా ముందు ఒక మాట. గుండ్రంగానో పొడుగ్గానో బరువుగా ఉండి ఏంటో అర్థంకాని ఇనప ముద్ద కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, కడగొద్దు, ఇంటికి అసలే తేవద్దు. గ్రెనేడ్లు, మోర్టార్ షెల్స్ ఇన్నేళ్ళ తర్వాత కూడా పేలతాయి. దూరంగా జరిగి పోలీసులకి ఫోన్ చెయ్యండి, వాళ్ళు బాంబ్ స్క్వాడ్‌ని పిలుస్తారు. ఎముకలు కనిపించినా తవ్వడం ఆపి పోలీసులకే చెప్పాలి. తుపాకీ ముక్కలు, తూటాలు, బయొనెట్లు 1959 ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తాయి కాబట్టి కనుక్కోకుండా దగ్గర పెట్టుకోవద్దు.

ఇక హెల్మెట్ సంగతి. దొరికిన రోజే గరుకు కాయితం, వైర్ బ్రష్ పట్టుకుని కూర్చుంటారు చూడండి, అదే పెద్ద నష్టం. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, వెదురు పుల్లతో, పాత టూత్ బ్రష్‌తో మట్టి మాత్రం తీయండి, తీస్తూ లైటు పక్కనుంచి వేసి చూడండి. జపాన్ హెల్మెట్ ముందు వైపు నక్షత్రం ఉందేమో, బ్రిటిష్ దానికి అంచు కింద తయారైన సంవత్సరం గుద్ది ఉందేమో, ఎక్కడైనా పెయింట్ మిగిలిందేమో. నా దగ్గర ఉన్నదానికి లోపల అరచేయంత మేర ఖాకీ రంగు అలాగే ఉంది, దాని మీద బ్రష్ గీతలు కూడా కనిపిస్తాయి. ఆ కాస్త రంగే ఆ హెల్మెట్‌కి ప్రాణం. పెయింట్ ఉంటే కింద చెప్పే కరెంటు పద్ధతి వద్దు, పెచ్చులుగా ఊడిపోతుంది, పుల్లతోనే ఓపిగ్గా పోవాలి.

పెయింట్ ఏమీ లేదు, లోపల గట్టి ఇనుము మిగిలింది అనుకుంటే ఎలక్ట్రాలిసిస్ చెయ్యొచ్చు, అంటే నీళ్ళలో కరెంటు పంపి తుప్పు వదిలించడం. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి 4 లీటర్లకి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా కలపండి (వంటసోడా కాదు). 12 వోల్ట్ చార్జర్ నెగటివ్ వైరు హెల్మెట్‌కి, పాజిటివ్ వైరు మామూలు ఇనప రేకుకి, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రేకు స్టెయిన్‌లెస్ స్టీల్‌ది పెట్టొద్దు, నీళ్ళలోకి విషం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట చెయ్యండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, వైర్లు ముట్టుకునే ముందు స్విచ్ ఆపాలి. కొన్ని గంటలకోసారి తీసి బ్రష్‌తో తోముతూ చూసుకోండి. తుప్పు తప్ప ఇంకేమీ మిగలని పల్చటి రేకైతే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, జల్లెడ అయిపోతుంది.

అల్యూమినియం డబ్బాని ఈ వాషింగ్ సోడా నీళ్ళలో పెట్టకూడదు. నేను మొదట్లో తెలియక పెట్టాను, బుసబుసా పొంగింది, తీసేసరికి మూత మీద ఎవరో మేకుతో గీసుకున్న రెండు అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. దానికి మంచి నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు.

తుప్పు వదిలాక చాలామంది నూనె రాసి పెట్టేస్తారు, ఆర్నెల్లకి మళ్ళీ చెమట పట్టినట్టు కాషాయం రంగు బొట్లు వస్తాయి. ఇనుములో దాగిన ఉప్పు అది. డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం వాషింగ్ సోడా కలిపి నానబెడుతూ వారానికోసారి నీళ్ళు మార్చాలి, నెలలు పట్టొచ్చు. అయిందో లేదో చూడాలంటే ఆ నీళ్ళు ఒక చెంచా తీసుకుని, బుడగలు ఆగేదాకా పల్చటి నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి, తర్వాత ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వెయ్యండి. పాలలా తెల్లబడితే ఉప్పు ఇంకా ఉన్నట్టే. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఇది చెయ్యొద్దు.

బాగా ఆరాక, పెయింట్ లేని ఇనుముకి టానిక్ యాసిడ్ పూస్తారు. కరక్కాయలో ఉండే టానిన్ కూడా అదే జాతిది, పొడి మరిగించి వడకట్టి మూడు పూతలు పూస్తే ఇనుము నీలి నలుపుకి తిరుగుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద కసిమి (ఇనప ముక్కలు, బెల్లం నానబెట్టి చేసే నీళ్ళు) గీస్తే నల్లబడేది ఇందువల్లే. పైన మైక్రోక్రిస్టలైన్ వాక్స్ (మ్యూజియంల్లో వాడే ఒక రకం మైనం) పల్చగా రుద్ది, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అయితే గాజు పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి.

వస్తువు మీద పేరో నంబరో కనిపిస్తే ఇంకేమీ చెయ్యకుండా ఫోటో తీసి, దొరికిన చోటు రాసిపెట్టుకుని, మైబాం లోక్‌పాచింగ్ దగ్గర 2019లో పెట్టిన ఇంఫాల్ పీస్ మ్యూజియం వాళ్ళకి ఒకసారి చూపించండి. ఆ సైనికుడి ఇంట్లోవాళ్ళు ఇంకా ఉంటే అది వాళ్ళది.