అమెరికా యూనివర్సిటీకి వెళ్తున్న గుంటూరు, విజయవాడ పిల్లలకు: అక్కడి రూల్స్ ఎవరు రాస్తారు?

జూలై వచ్చిందంటే బ్రాడీపేటలోనూ బెంజ్ సర్కిల్ దగ్గరా ఎవరిని కదిపినా వీసా, ఫారెక్స్, లగేజీ కబుర్లే. ఏ పచ్చడి ఎలా ప్యాక్ చేయించాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. యూనివర్సిటీ లోపల నిర్ణయాలు ఎలా జరుగుతాయో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. నేను అక్కడ పాఠాలు చెబుతూ, విద్యా విధానాల కమిటీలో కూడా పనిచేశాను. సెలవులకు గుంటూరు వచ్చినప్పుడల్లా పిల్లలతో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామంది జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీల్లో ఆర్20 అనో ఆర్23 అనో ఏదో ఒక రెగ్యులేషన్ కింద చదివినవాళ్లు. సిలబస్ పైనుంచి వస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి, 65 కంటే తగ్గితే డిటైనే. ఫైనల్ పేపర్ ఎవరు సెట్ చేశారో, ఎవరు దిద్దారో మీ సార్‌కే తెలియదు. అమెరికాలో మామూలుగా కోర్సు సిలబస్ రాసేదీ, పరీక్ష పెట్టేదీ, గ్రేడ్ ఇచ్చేదీ ఒకే ప్రొఫెసర్. హాజరుకు మార్కులున్నాయా, అసైన్‌మెంట్ ఆలస్యమైతే ఎంత కోత, ఏఐ వాడొచ్చా లేదా అన్నీ ఆ సిలబస్‌లో రాసి ఉంటాయి. మొదటి వారంలోనే కూర్చుని మొత్తం చదవండి. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో చెప్పేది పోయినేడాది మాట కావచ్చు, వేరే ప్రొఫెసర్ మాట కావచ్చు.

అయితే ప్రొఫెసర్ కూడా ఇష్టమొచ్చినట్టు చేయడానికి లేదు. ఆయన పైన ఫ్యాకల్టీ సెనేట్, అంటే అధ్యాపకుల ప్రతినిధి సభ, చేసిన విధానాలుంటాయి. పాఠ్యాంశాలు, బోధనా పద్ధతులు, చదువుతో ముడిపడిన విద్యార్థి జీవితం... వీటి ప్రధాన బాధ్యత అధ్యాపకులదేనని అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1966 ప్రకటనలోనే ఉంది. అందుకే కాలిఫోర్నియా, మిన్నెసోటా లాంటి యూనివర్సిటీల్లో విద్యా విధానాల కోసం సెనేట్ కమిటీలున్నాయి. గ్రేడింగ్, విత్‌డ్రా (కోర్సును మధ్యలో వదులుకునే) గడువులు, ఒకేరోజు మూడు ఫైనల్స్ పడితే ఏం చేయాలి లాంటివన్నీ ఇలాంటి కమిటీల ముందుకే వస్తాయి. చాలాచోట్ల వాటిలో విద్యార్థులు కూడా సభ్యులు.

మీకు నేరుగా పనికొచ్చేది పిటిషన్, అంటే ఏదైనా రూల్ నుంచి మినహాయింపు కోరుతూ కమిటీకి రాసుకునే అర్జీ. జ్వరమొచ్చి సెమిస్టర్ దెబ్బతింది, ఇంట్లో ఎవరో పోతే టికెట్ దొరికినరోజే విజయవాడ వచ్చేశారు, విత్‌డ్రా గడువు దాటిపోయింది. ఇలాంటప్పుడు మినహాయింపు అడిగే హక్కు మీకుంది. మన పిల్లలు అక్కడే తడబడతారు. ‘గౌరవనీయులైన మీకు వినయపూర్వకంగా’ అంటూ పేజీ నింపుతారు, అసలు సంగతి చివర రెండు లైన్లలో ఉంటుంది. దయ చూపమని బతిమాలే ఉత్తరం చదువుతుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ ఉత్తరం పట్టుకుని కమిటీలో వాదించడానికి నా చేతిలో ఏమీ ఉండదు. మాకు కావలసింది తేదీలు. ఎప్పుడు ఏం జరిగింది, ప్రొఫెసర్‌కి ఎప్పుడు మెయిల్ పెట్టారు, డాక్టర్ కాగితం ఉందా, ఏ రూల్ నుంచి ఏ మినహాయింపు కావాలి. ఇంతే, ఒక పేజీలో. ప్రొఫెసర్‌తో నోటిమాటగా ఏదైనా ఒప్పుకున్నా, ఆరోజే ‘మనం అనుకున్నది ఇదీ’ అని మెయిల్ పెట్టి ఉంచండి.

ఒక్క విషయంలో మాత్రం కమిటీ కూడా ఏమీ చేయలేదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఫుల్‌టైమ్ చదవాలి. ఎమ్మెస్ వాళ్లకు చాలాచోట్ల అది 9 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, బయట రెండు గంటల పని అని లెక్క, అంటే వారానికి 27 గంటలు. మొదటి సెమిస్టర్లో టెన్షన్ పడి, అడ్వైజర్ సరేనన్నారు కదా అని ఒక సబ్జెక్ట్ డ్రాప్ చేసేస్తారు. అడ్వైజర్ అనుమతి వేరు, వీసా అనుమతి వేరు. డ్రాప్ చేయకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో డీఎస్ఓ, అంటే మీ వీసా వ్యవహారాలు చూసే అధికారి, ఒప్పుకోవాలి. అక్కడి బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, మొదట్లో ఇంగ్లీషు ఇబ్బంది, స్థాయికి సరిపడని కోర్సులో పడటం లాంటి కారణాలతో ఒక డిగ్రీలో ఒక్కసారి ఈ వెసులుబాటు ఇస్తారు. అప్పుడు కూడా సగం లోడుకు తగ్గకూడదు. అనారోగ్యమైతే దానికి వేరే దారి ఉంది.

అమ్మానాన్నలకు కూడా ఒక మాట. మీరు గుంటూరు నుంచి ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి మార్కులు అడిగితే చెప్పరు. విద్యార్థి రికార్డుల గోప్యతకు చేసిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం ఆ రికార్డులు విద్యార్థివి. విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మామూలుగా బయటికి ఇవ్వరు. తప్పుగా అనుకోకండి, పిల్లల్నే అడగండి.

వీలైతే ఆ కమిటీల్లో మీరే కూర్చోండి. మా దగ్గర ఒక ఏడాది మంగళగిరి అమ్మాయి విద్యార్థి ప్రతినిధిగా వచ్చింది. మొదటి రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. మూడోసారి, ఫైనల్స్ తేదీలు ఆలస్యంగా ప్రకటిస్తే ఇండియా టికెట్ ధర ఎంత పెరిగిపోతుందో చెప్పింది. అక్కడున్న ప్రొఫెసర్లలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. తర్వాతి ఏడాది నుంచి తేదీలు ముందుగా ఇస్తున్నారు. ఈ సీట్లకు పేర్లు విద్యార్థి సంఘం లేదా గ్రాడ్యుయేట్ విద్యార్థుల సంఘం పంపుతుంది. వాళ్ల మెయిల్స్ స్పామ్‌లోకి పోకుండా చూసుకోండి. సీటు ఖాళీ ఎప్పుడు వస్తుందో చేరిన నెలలోనే అడిగి పెట్టుకోండి.