చుక్కాని బుష్‌లు అరిగినప్పుడు చేయవలసిన పని

కర్నూలులో లేతు పెట్టుకున్నవాడికి బోరు మోటార్లు, ట్రాక్టరు ట్రైలర్ల పని ఎక్కువగా వస్తుంది, పడవల పని అరుదు. అయినా శ్రీశైలం వెనుక జలాల్లో పడవ నడిపేవారు ఏటా కొందరు చుక్కాని ఇరుసును భుజాన వేసుకొని నా దగ్గరికి వస్తారు. "అన్నా, చుక్కాని ఒకటే కొట్టుకుంటాంది" అన్నది వారి మొదటి మాట. తెరచాప పడవైనా, డీజిల్ ఇంజను పడవైనా, ఇరుసు పడవ అడుగుభాగంలోని గొట్టం గుండా దిగి, దానిని పట్టి ఉంచే పై బుష్, కింది బుష్ అనే రెండు గొట్టపు తొడుగుల్లో తిరిగే ఏర్పాటు ఉంటే ఇక్కడ రాసినది వర్తిస్తుంది.

ఈ పనికి కాలం వేసవి. జలాశయం పూర్తి మట్టమైన 885 అడుగులకు నీరు చేరినప్పుడు పడవను ఒడ్డుకు లాగడం పెద్ద శ్రమ. నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో మాత్రం పడవ దానంతట అదే నేల మీద కూర్చుంటుంది. సముద్ర తీరాల్లో ఇదే పనిని ఆటు సమయంలో కొన్ని గంటల్లో ముగించుకోవాలి, మనకు వారాల వ్యవధి దొరుకుతుంది. దానిని మొదటి వాన వరకు సాగదీయకూడదు, ఎందుకంటే తడిసిన నల్లరేగడిలో జాకీ నిలవదు.

అరుగుదలను చేతితోనే పరీక్షించవచ్చు. పడవను దిమ్మెల మీద కదలకుండా నిలిపి, ఒకరు చుక్కాని పిడిని గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు చుక్కాని రెక్క కొనను పక్కలకు, ముందు వెనకలకు ఊపాలి. పిడి కదలకుండా రెక్క తిరిగితే లోపం పిడి బిగింపులోనో, పిడి ఇరుసు మీద జారకుండా మధ్యలో దూర్చే తాళంచెవి ముక్క గాడిలోనో ఉంది. ఇరుసు గొట్టంలో పక్కకు జరిగి ఠక్కుమంటే బుష్ అరిగింది. కొన దగ్గర కనిపించే కదలికను చూసి భయపడనవసరం లేదు. రెండు బుష్‌ల మధ్య దూరం 500 మిల్లీమీటర్లు, కింది బుష్ నుంచి రెక్క కొనకు 600 మిల్లీమీటర్లు అనుకుంటే, పై బుష్ బిగువుగా ఉండి కింది దానిలో ఒక మిల్లీమీటరు లూజు వచ్చినా కొన 2.2 మిల్లీమీటర్లు ఊగుతుంది. సాధారణంగా ముందు అరిగేది కింది బుషే, ఎందుకంటే నీటి ఒత్తిడిలో ఎక్కువ భాగం దాని మీదే పడుతుంది, ఒండ్రుమట్టి, సన్నని ఇసుక చేరేదీ అక్కడే.

ఇరుసును దించే ముందు దాని బరువును ఆపే ఏర్పాటు చేసుకోవాలి. రెక్క కింద జాకీ లేదా చెక్క దిమ్మె పెట్టి, ఆ తరువాతే పిడిని, పైన ఇరుసును ఆపి ఉంచే కాలరును, ఇరుసు చుట్టూ నీరు పైకి రాకుండా తాడును నొక్కి ఉంచే గ్లాండు నట్టును విప్పాలి. ఇరుసు పూర్తిగా బయటికి రావాలంటే గొట్టం పొడవు కన్నా ఎక్కువ ఖాళీ కింద ఉండాలి. పడవను అంత ఎత్తుకు లేపడం కన్నా రెక్క కింద గొయ్యి తవ్వడం మేలు. ఏప్రిల్‌లో ఎండి పగుళ్లిచ్చిన రేగడి గునపానికి రాయిలాగా తగులుతుంది కనుక ముందురోజు సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు పోసి ఉంచితే తెల్లవారేసరికి పని సులువవుతుంది.

బయటికి తీసిన ఇరుసును శుభ్రంగా తుడిచి, బుష్ ఆనే చోట గోటితో నిలువుగా గీయండి. గోరు ఆగితే అక్కడ గాడి పడిందని అర్థం. అలాంటి ఇరుసుకు కొత్త బుష్ వేయడం వృథా, ఇరుసు ముందు లేతు ఎక్కాలి, బుష్‌ను ఆ కొత్త వ్యాసానికి తగినట్లు చేయించాలి. ఒకే చోట కొలిచి సరిపెట్టుకోకుండా, పైన, మధ్యలో, కింద, ప్రతి చోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మైక్రోమీటరు పెట్టాలి. ఇరుసు గుండ్రంగా కాక కోలగా అరగడం మామూలే.

పాత ప్లాస్టిక్ బుష్‌ను తీయడానికి హాక్సా బ్లేడుతో లోపలి నుంచి నిలువుగా ఒక గాటు పెట్టి, అది గొట్టానికి తగలకముందే ఆపి, చిన్న ఉలితో లోపలికి ముడిస్తే ఊడుతుంది. గన్‌మెటల్ (కంచు జాతి లోహం) బుష్ అయితే సుత్తి వద్దు. పొడవాటి మర కడ్డీకి ఒకవైపు బుష్ కన్నా కొంచెం చిన్న వాషరు, రెండోవైపు పెద్ద గొట్టం ముక్క పెట్టి నట్టు బిగిస్తూ లాగాలి.

ఇక లోహం, ప్లాస్టిక్ ఎంపిక. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే జరిగింది. డెల్రిన్ (బుష్‌లకు వాడే ఒక గట్టి ప్లాస్టిక్) అని చెప్పి ఒక దుకాణంలో ఇచ్చిన తెల్లటి కడ్డీని చూసుకోకుండా తిప్పాను, అది నైలాన్. నైలాన్ పూర్తిగా నానితే తన బరువులో సుమారు 9 శాతం దాకా నీటిని పీల్చి ఉబ్బుతుంది, డెల్రిన్ ఒక శాతం లోపే పీలుస్తుంది. నాలుగు వారాలకు ఆ చుక్కాని తిరగకుండా బిగుసుకుపోయింది, నడిపే మనిషి తెడ్డుతో ఒడ్డు చేరాడు. అప్పటి నుంచి ప్రతి కడ్డీకీ ఉప్పునీటి పరీక్ష చేస్తున్నాను. గ్లాసు నీటిలో ఉప్పు ఇంక కరగదు అనేంత వరకు వేసి, తేటనీటిని వంచుకొని, కడ్డీ నుంచి చిన్న ముక్క కోసి, గాలి బుడగలు అంటకుండా వేలితో రుద్ది అందులో వేయాలి. నైలాన్ తేలుతుంది, డెల్రిన్ మునుగుతుంది. నైలాన్ సాంద్రత 1.14 ప్రాంతంలో, డెల్రిన్‌ది 1.41 ప్రాంతంలో ఉండగా ఆ ఉప్పునీటిది 1.2 కావడమే కారణం.

గన్‌మెటల్ కూడా మంచిదే, కానీ దానికి గ్రీజు క్రమంగా అందాలి. డెల్రిన్‌కు గ్రీజు అవసరం లేదు, పెడితే ఇసుకను పట్టి ఉంచి ఆకురాయిలా ఇరుసును అరగదీస్తుంది. ఇరుసు అల్యూమినియంది అయితే గన్‌మెటల్ జోలికి వెళ్లవద్దు, ముఖ్యంగా ఉప్పునీటిలో, ఎందుకంటే రెండు లోహాల మధ్య విద్యుత్ చర్య వల్ల అల్యూమినియం తినివేయబడుతుంది. సముద్రంలో తిరిగే పెద్ద తెరచాప పడవల్లో గోళీల బేరింగులు, ఇరుసు వంగినా దానితో పాటు ఒరిగే బేరింగులు వాడతారు. వాటిని లేతు మీద తయారు చేయాలని చూడకుండా, తయారీదారు ఇచ్చే భాగాలనే తెప్పించుకోవాలి.

కొలతల్లో అసలు మెలకువ ఉంది. 40 మిల్లీమీటర్ల ఇరుసుకు డెల్రిన్ బుష్ బిగించిన తరువాత 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలేలా నేను చేస్తాను. "బిగించిన తరువాత" అన్న మాట మరవరాదు. బుష్ బయటి వ్యాసం గొట్టం కన్నా 0.1 మిల్లీమీటరు ఎక్కువ ఉంటే, లోపలి రంధ్రం దాదాపు అంత మేర ముడుచుకుంటుంది, ఆ లెక్క ముందే కలుపుకోవాలి. మే నెలలో మా షెడ్డులో 40 డిగ్రీల వేడిలో కొలిచిన డెల్రిన్ రంధ్రం 25 డిగ్రీల నీటిలో ఇంకా 0.06 మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది. అందుకే చివరి కోతకు ముందు బుష్‌ను కుండ నీళ్లలో గంటసేపు ఉంచి, తుడిచి కొలుస్తాను.

బిగించేటప్పుడు సుత్తి దెబ్బలకు బదులు ఐసును నమ్మండి. 60 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల డెల్రిన్ బుష్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి రెండు గంటలు ఐసుగడ్డల మధ్య పెడితే, ఎండ వేడి నుంచి సున్నా డిగ్రీలకు దిగేసరికి 0.2 మిల్లీమీటర్లకు పైగా సన్నబడి, గొట్టంలోకి బొటనవేలి ఒత్తిడితో జారుతుంది. ఆ లోపల మాట్లాడుతూ కూర్చుంటే మళ్లీ ఉబ్బుతుంది కనుక గొట్టాన్ని ముందే నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది సిద్ధంగా ఉంచాలి. జిగురు డెల్రిన్‌ను పట్టదు. బుష్ తిరగకుండా పక్క నుంచి చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని మర) వేయాలి, దాని కొన ఇరుసుకు తగలరాదు.

రెండు బుష్‌లూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఇరుసే చెబుతుంది. రెక్కను దిమ్మె మీద ఎత్తి, ఇరుసును కింది నుంచి ఎక్కించి తిప్పి చూడండి. ఒక మూలలో బిగుసుకుంటే, ఇరుసుకు సన్నని మసి పూసి మళ్లీ తిప్పితే బుష్‌లో నల్లబడిన చోటు దొరుకుతుంది, అంతవరకే గీకాలి. అన్నీ కుదిరాక పిడి బిగించకముందు రెక్క ఒక వేలి తోపుకు తిరగాలి, పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు మిల్లీమీటర్లు కదలాలి. గ్లాండు తాడును కొత్తది చుట్టి, మొదట వదులుగానే బిగించి, పడవ నీటిలోకి దిగాక చెమ్మ ఆగేంత వరకు మాత్రమే నట్టును పావు చుట్టు చొప్పున తిప్పండి. బుష్ మార్చిన పదిహేను రోజులకు రెక్క కొనను ఇంకొకసారి ఊపి చూసి, ఆ కదలికను మిల్లీమీటర్లలో పడవ లోపలి గోడ మీద తేదీతో సహా పెన్సిలుతో రాసి ఉంచండి. మరుసటి వేసవిలో పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.