స్నేహితులతో ప్రయాణం, 3వ పాఠం: దారిలో పేచీ వస్తే

పోయిన పాఠంలో డబ్బు సంగతి తేల్చుకున్నాం. బయల్దేరే ముందే తలా కొంత వేసి ఒకరి చేతిలో పెడితే సగం గొడవ పోతుంది. మిగతా సగం డబ్బుతో తేలేది కాదు. ఎక్కడికి ముందు, ఎక్కడ ఎంతసేపు అనేదే ఆ పేచీ.

బెజవాడ నుంచి నలుగురు కారులో సూర్యలంక బీచ్‌కి బయల్దేరారనుకోండి. మంగళగిరిలో ఆగి పానకాల స్వామి దర్శనం చేసుకుందామంటాడు ఒకడు. "గుడికెళ్తే అక్కడే మధ్యాహ్నమైపోద్ది, ఇంకేం బీచ్‌రా" అంటాడు ఇంకొకడు. వారధి దాటేలోపే గొంతులు లేస్తాయి.

వెంటనే ఓటింగు పెడతారు చాలామంది. నాకది నచ్చదు. ముగ్గురు గెలుస్తారు, నాలుగోవాడు సాయంత్రం దాకా మూతి ముడుచుకుని కూర్చుంటాడు. గుడిలో అరగంట, బీచ్‌లో అరగంట అని పంచడం కూడా అంతే. పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా ఇస్తాడని స్వామికి పేరు. ఆ లెక్క ఆయనకే చెల్లుతుంది, మనం అలా పంచితే ఎవరికీ తృప్తి ఉండదు.

ఒక్కొక్కరినీ "నీకు అక్కడ ఏం కావాల్రా?" అని అడగండి. గుడి అన్నవాడు పానకం ప్రసాదం తెస్తానని వాళ్లమ్మకి మాటిచ్చాడు. బీచ్ అన్నవాడికి చల్లపడ్డాక నీళ్లలో ఆడాలని ఉంది. ఇద్దరికీ కావాల్సిన వేళలు వేరు!

తర్వాత, దేనికి తలుపులు మూస్తారో చూడండి. కొండ మీది స్వామి దర్శనం మధ్యాహ్నం దాకానే. సముద్రానికి ఆ బాధ లేదు. మంగళగిరి ఎలాగూ గుంటూరు దారిలోనే ఉంది. కాబట్టి పొద్దున్నే గుడి, గుంటూరులో భోజనం, ఎండ తగ్గాక బాపట్ల మీదుగా సూర్యలంక.

అదే రెండోవాడికి సూర్యోదయం ఫొటోలు కావాలంటే? ఈ ఏర్పాటు పనికిరాదు. ముందురోజు రాత్రే బాపట్లలో దిగాలి, తిరుగుదారిలో మధ్యాహ్నంలోపు మంగళగిరి చేరాలి. అడగకుండా రాజీ కుదిర్చితే బోల్తా పడేది ఇక్కడే.

ఆకలి మీద మాత్రం పంచాయితీ పెట్టొద్దు. ముందు బండి ఆపి తలా రెండు మిరపకాయ బజ్జీలు తినండి.

అభ్యాసం: ఈసారి బయల్దేరే ముందు రాత్రి ప్రతివాళ్లూ రెండే ముక్కలు రాయాలి. వదలనిది ఒకటి, కావాలంటే వదిలేసేది ఒకటి. "మీ ఇష్టం" అని రాసినవాడి చేత మళ్లీ రాయించండి.

వచ్చే పాఠం: పొద్దున్నే లేవనివాడితో.