బరంపురం ఉక్కపోతకు ఆగిన ఫౌండేషన్

ఒడిశాలోని మా బరంపురం ఉక్కపోత తెలిసిందే. పిన్ని కూతురి పెళ్లిలో తాళి కట్టే వేళకే నా ముక్కు పక్కన ఫౌండేషన్ ముద్దలు కట్టింది. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు. ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చాక ముఖం కడిగి, ఏమీ రాయకుండా గంట ఆగి టిష్యూ అద్దాను. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర నూనె మరకలు. బుగ్గల దగ్గర ఏమీ లేదు. అంటే నాది మిశ్రమ చర్మం. నేను వాడిందేమో పొడి చర్మానికి సరిపడే మెరుపు రకం!

ఈసారి ఆయిల్‌ఫ్రీ మ్యాట్ రకం, అంటే నూనె లేని, మెరవని రకం తీసుకున్నాను. షేడ్‌ని మణికట్టు మీద కాకుండా దవడ అంచున రాసుకుని, షాపు బయట పగటి వెలుగులో చూశాను. పావుగంట ఆగి చూడండి, కొన్ని షేడ్లు ఆరాక ముదురుతాయి. బుగ్గలకు మాత్రం ముందు మాయిశ్చరైజర్ తప్పనిసరి. తడి స్పాంజితో పల్చగా అద్దుతాను.

మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో రాత్రి దాకా తిరిగినా చెదరలేదు.